ఏడు పాయింట్ నాలుగు

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. నా కాకిపిల్ల కుట్టుమిషనంత ఉండేది. మా దీవి క్లినిక్‌లో మందుల ఫ్రిజ్ పక్కన, ఎండ తగలని మూల చూసి బల్ల మీద పెట్టుకున్నాను దాన్ని. వేలి చివర ఒక్క చుక్క రక్తం ఇస్తే చాలు, మూడు నెలల షుగర్ సగటు ఎంతో ఆరు నిమిషాల్లో చెప్పేది. అదే లెక్క ల్యాబ్ వాళ్ళు చెప్పాలంటే చేతి నరంలోంచి రక్తం తీసి, ఐసు పెట్టెలో సర్ది, వారానికి రెండుసార్లు వచ్చే చిన్న విమానంలో ఎక్కించాలి. వాయవ్యపు గాలి లేచిందంటే ఆ విమానం కూడా రాదు. రెండు వారాలకు కాగితం వస్తుంది. ఒక్కోసారి రక్తం గడ్డకట్టింది, మళ్ళీ పంపండి అని వస్తుంది. అప్పటికి ఆ మనిషి రొయ్యల వేటకు పోయి ఉంటాడు. తిరిగొచ్చాక కూర్చోబెట్టి, షుగర్ పెరిగిందయ్యా అంటే, "అది పోయిన నెల మాట కదక్కా" అని నవ్వేసి పోతాడు.

ఆరు నిమిషాల్లో అయితే ఎక్కడికి పోతాడు? ఆ ఆరు నిమిషాలూ నావి. ఏం తిన్నావు, ఎన్ని కూల్‌డ్రింకులు తాగావు, చెప్పులెందుకు వేసుకోలేదు అని చివాట్లు పెట్టేదాన్ని. సన్నటి నైలాను పోగుతో అరికాళ్ళు నొక్కి, తెలుస్తోందా లేదా అని అడిగేదాన్ని. తెర మీద నంబరు పడేసరికి ఎంత మొండిఘటమైనా తల దించుకునేవాడు. ఈ క్లినిక్‌లో ఆరోగ్య కార్యకర్తగా ఇరవై రెండేళ్ళు చేశాను. నర్సులు వారానికో మొహం మారతారు. డాక్టరు కంప్యూటర్ తెర మీద కనిపిస్తాడు. ఉండేది నేనొక్కదాన్నే. నా పేరు కెజియా. నా నోటికి జడవనివాళ్ళు దీవి మొత్తానికి ఇద్దరే, మా నాన్న, మా చెల్లి లెవినా.

మా అమ్మ ముక్కలు ముక్కలుగా పోయింది. మొదట ఒక వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా, తర్వాత రెండో కాలు. చివరికి పట్నం ఆసుపత్రిలో పోతే పెట్టెలో పెట్టి విమానంలో పంపారు. పెట్టె తేలిగ్గా ఉందని మోసినవాళ్ళు గొణుక్కోవడం నేనూ లెవినా ఇద్దరం విన్నాం.

లెవినాకు అమ్మ ఒళ్ళే వచ్చింది. నలభై దాటగానే షుగర్ పట్టుకుంది. దీవిలో ఆడవాళ్ళ ఆట అంటే ముందు వరుస దానిదే. అది కాలు నేలకేసి కొడితే డప్పు వాయించేవాడు కూడా దాని అడుగు చూసి సర్దుకునేవాడు.

"అక్కా, ఏ రోగంతోనైనా పోతాను. కాళ్ళు మాత్రం కొయ్యనివ్వకు. నన్ను మొత్తంగా పూడ్చండి" అంది ఒకసారి, నా కుర్చీలో కూర్చుని, వేలు నా మిషన్‌కి ఇచ్చి.

"నీ కాళ్ళ సంగతి నాకొదిలెయ్. నోరు నువ్వు కట్టుకో" అన్నాను.

అది నవంబరు. ఆ రోజు దానికి పది పాయింట్ తొమ్మిది వచ్చింది. తెర మీది డాక్టరు, కల్లమ్ అని చిన్న కుర్రాడు, మాత్రలు పెంచాడు. ఫిబ్రవరిలో మళ్ళీ చూద్దాం, తొమ్మిది దాటి ఉంటే ఇన్సులిన్ మొదలుపెడదాం అన్నాడు. ఫిబ్రవరిలో ఒక సోమవారం తేదీ వేసి కార్డు ఇచ్చాను. లెవినా దాన్ని తీసుకెళ్ళి తన ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. కూల్‌డ్రింకులు మానేశానని నాకు ఒట్టు పెట్టి చెప్పింది. నేను నమ్మాను, ఎందుకంటే నమ్మాలని ఉంది.

జనవరి చివర్లో నాన్న పోయాడు.

మాలో చావు జరిగితే ఆ ఇంటి రక్తసంబంధీకులు చాప మీద కూర్చుని ఏడవడం తప్ప వేరే పని పెట్టుకోరు. పెళ్ళితో కలిసినవాళ్ళు ఆ ఇంటికి చేతులవుతారు. వాళ్ళను మా భాషలో పిలిచే మాటకు అర్థమే ఆత్మకు చేయి అని. గొయ్యి తవ్వేది వాళ్ళే, తాబేలు కోసి వండేది వాళ్ళే, మా బట్టలు ఉతికేదీ మా బదులు ఊరికి జవాబు చెప్పేదీ వాళ్ళే. లెవినా ఇంట్లో అందరం కూర్చున్నాం. ఆ ఇంటికి చేతి పని ఎక్కువగా చేసింది దలాసా. లెవినాకు ఆడపడుచు. ముప్పై మూడేళ్ళది, ముగ్గురు పిల్లల తల్లి, నోరు మూసుకుని ఉండటం చేతకానిది. వచ్చిన రోజే ఫ్రిజ్ తలుపు మీది కాగితాలన్నీ, పడవ పెట్రోలు చీటీ దగ్గర్నించి చర్చి పాటల వంతుల దాకా, ఊడబెరికి గౌను జేబులో కుక్కుకుంది.

"ఇవన్నీ నేను చూసుకుంటా. మీరిద్దరూ కదిలారంటే చూడండి, కట్టేస్తా" అంది.

నాన్న శవం పక్క దీవి ఆసుపత్రికి వెళ్ళి రావడానికి రోజులు పట్టింది. ఖననం ఆ ఫిబ్రవరి సోమవారమే పడింది. ఆ రోజు నాకు ఆకాశం ఏదో నేల ఏదో తెలియలేదు. ఆ వారంలో ఒక కొత్త నర్సు ఇంటికొచ్చి చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని లెవినా చేతిలోంచి రక్తం తీయడం మాత్రం గుర్తుంది. మూత్రపిండాల పరీక్షకు అట. నేను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను.

మార్చిలో పనిలోకి వచ్చి లెవినా ఫైలు తెరిచాను. రెండు నంబర్లున్నాయి. సోమవారం, వేలి రక్తం, మా మిషన్, ఏడు పాయింట్ నాలుగు. శుక్రవారం, చేతి రక్తం, ల్యాబ్ వాళ్ళు పనిలో పనిగా షుగర్ కూడా చూశారు, పన్నెండు పాయింట్ ఆరు. సోమవారం నాటి నర్సు బుధవారం విమానంలో వెళ్ళిపోయింది. శుక్రవారం నాటి నర్సు కూడా ఇప్పుడు లేదు.

ఏడు పాయింట్ నాలుగు చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోది చూసి ఒళ్ళు మండింది.

కల్లమ్ తెర మీదకు వచ్చాడు. "కెజియా, ఈ రెండూ ఒక మనిషివేనా?"

"ఒక మనిషివే. మా చెల్లివి. నా తోడబుట్టినదాని సంగతి నాకు తెలీదా?"

"పది పాయింట్ తొమ్మిది నుంచి ఏడుకి దిగడమంటే కొంచెం ఎక్కువే కదండీ."

"కూల్‌డ్రింకులు మానేసింది. మాత్రలు పెంచారు. దిగదా మరి? ఆ వారం మిషన్ సరిచూసిన పుస్తకం నా ముందుంది, గీత కూడా తేడా లేదు. మీ ల్యాబ్ రక్తం చూడండి. శుక్రవారం విమానం ఆదివారం వచ్చింది. ఎన్ని గంటలు ఎండలో ఉందో ఎవడికి తెలుసు?"

"వేడెక్కినంత మాత్రాన ఈ లెక్క ఇంతలా పెరగదనుకుంటా."

"మీరు అనుకుంటున్నారు. నేను ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను."

"సరే, రెండూ మళ్ళీ చేద్దాం" అన్నాడు.

"మిషన్ కిట్లు అయిపోయాయి. సరుకుల పడవలో వస్తున్నాయి."

"చేతి రక్తమైనా తీయండి."

"అడిగాను. దుఃఖంలో ఉంది, వద్దంది."

నేను అడగలేదు. అడిగితే అది కాదనేది కాదు. ల్యాబ్ వాళ్ళ తప్పుకు నా చెల్లి చేతికి మళ్ళీ సూది ఎందుకు గుచ్చాలి అనుకున్నాను. నా మిషన్ మాటను నేనే శంకించినట్టు అవుతుందనీ అనుకున్నాను. రెండోదే అసలు కారణం. ఇన్సులిన్ మాట మూడు నెలలు వాయిదా పడింది.

సాయంత్రం లెవినా ఇంటికి వెళ్ళి చెప్పాను. ఒక్క నంబరే చెప్పాను. నాన్న పోయాక మొదటిసారి అది చాప మీంచి లేచి, వంటింట్లో పొయ్యి ముందు నాలుగు అడుగులు ఆడింది. దలాసా గరిటెతో గిన్నె మీద తాళం వేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరం బొప్పాయి కోసుకుని తిన్నాం.

ఏప్రిల్లో కిట్లు వచ్చాయి. రేవులో మూడు గంటలు ఎండలో పెట్టేశారు. పెట్టె మీది చుక్క రంగు మారి ఉంది. చల్లదనం తప్పిన కిట్ వాడకూడదు, మొత్తం పెట్టె పారేశాను. అంత నిష్ఠ నాది. మళ్ళీ పెట్టె మే నెలలో అన్నారు. ఈలోగా వచ్చిన ప్రతివాడి అరికాళ్ళూ నైలాను పోగుతో నొక్కి చూశాను. లెవినావి చూడలేదు. ఏడు పాయింట్ నాలుగు ఉన్నదానికి ఇప్పుడేం తొందరలే అనుకున్నాను.

చర్చిలో మొదట వాసన పట్టింది దలాసా. "వదినా, నీ చెప్పులో ఎలుక చచ్చిందా ఏంటి?" అందట నవ్వుతూ. చెప్పు తీస్తే అరికాల్లో గుల్ల పెంకు ముక్క దిగబడి ఉంది. ఎన్ని వారాల నుంచో లెవినాకు తెలియదు. దానికి నొప్పి పుట్టలేదు. పాదం సగం నల్లబడింది.

ఆ మధ్యాహ్నమే హెలికాప్టర్ వచ్చింది. ఆసుపత్రిలో చూస్తే పదమూడు పాయింట్ ఒకటి. మొదట మూడు వేళ్ళు తీశారు. వారానికి మోకాలి కింద. ఇంకో వారానికి మోకాలి పైన. అమ్మ నడిచిన దారే, అమ్మకు ఆరేళ్ళు పట్టింది, దీనికి పద్దెనిమిది రోజులు. ఫోన్‌లో ఏడవలేదు. "నంబరు బాగుందన్నావు కదక్కా" అని ఒక్కసారి అంది.

జూలైలో పై ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఏడు పాయింట్ నాలుగు, పన్నెండు పాయింట్ ఆరు, పదమూడు పాయింట్ ఒకటి, మూడూ పక్కపక్కన పెట్టి చూశామంది. ల్యాబ్ నిజం చెప్పింది, మిషన్ అబద్ధం చెప్పింది, మిషన్ వెనక్కి పంపేయండి అంది. నేను ఎదురు చెప్పలేదు. నాకూ దాన్ని నేలకేసి కొట్టాలని ఉంది. దాని పెట్టెలోనే పెట్టి, టేపు వేసి, సరుకుల పడవ ఎక్కించాను. వేలు ఎవరిది అని ఆవిడ అడగలేదు. నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.

అప్పటినుంచి మాకు చేతి రక్తమే. జనం రావడం తగ్గిపోయింది. పది మందికి సూది గుచ్చితే నలుగురి కాగితాలు వస్తాయి, ఆ నలుగురిలో ఇద్దరు దీవిలో ఉండరు. నేను ఎవరినీ తిట్టడం లేదు. తిట్టడానికి నోరు రావాలిగా.

మరుసటి ఏడు జూన్‌లో నాన్న సమాధి రాయి తెరిచే పండగ పెట్టుకున్నాం. దీవంతా వస్తుంది, రాయి మీద కప్పిన గుడ్డలు ఒక్కొక్కటే తీస్తారు, తర్వాత ఆట. ఏప్రిల్లోనే గుడ్డలు కుట్టడానికి కూర్చున్నాం, లెవినా ఇంటి వరండాలో. లెవినా చక్రాల కుర్చీలో కూర్చుని కత్తిరిస్తోంది. ఉన్న ఒక్క కాలికీ బొటనవేలు నల్లబడుతోంది. అది చూసి కూడా మేం ముగ్గురం వేరే మాటలే మాట్లాడుకుంటున్నాం.

దలాసా వేలికి సూది దిగి తెల్లగుడ్డ మీద ఎర్రచుక్క పడింది. అది చూసుకోకుండా కుడుతూనే ఉంది.

"ఒసేయ్, గుడ్డంతా రక్తం. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే?" అన్నాను.

"అయ్యో, చూడనే లేదు" అని వేలు నోట్లో పెట్టుకుంది. "ఈ వేలికి పోట్లు అలవాటేలే కెజియక్కా. ఆ నెలలో నీ మిషన్‌కి కూడా ఇదే వేలిచ్చా."

"నువ్వు మిషన్‌కి ఎప్పుడిచ్చావు?"

"మీ నాన్నను పూడ్చిన రోజు పొద్దున. వదిన ఫ్రిజ్ మీద కార్డుందిగా. పెట్రోలు తెచ్చా, పాటల వంతు మార్పించా, తర్వాత క్లినిక్‌కి పోయా. నర్సమ్మ లెవినా అని పిలిచింది, వెళ్ళి కూర్చున్నా. ఆ నెల వదిన చేతులు మేమే కదా. ఆవిడని ఆ రోజు లేపి పంపిస్తే ఊరు నా మొహాన ఉమ్మెయ్యదూ?"

సాగనంపిన మిషన్ గుర్తొచ్చింది. పాపం, అది అబద్ధం చెప్పలేదు. ఎవరి వేలు పెడితే వాళ్ళ లెక్క చెప్పింది.

లెవినా కత్తెర ఆపింది. దలాసా వంక చూడలేదు, నా వంక చూసింది.

"అంటే ఆ నంబరు నాది కాదా?"

"కాదు."

"మరి నర్సు నా చేతిలోంచి తీసుకెళ్ళింది, అదేమైంది?"

"అది నీదే. పన్నెండు పాయింట్ ఆరు వచ్చింది."

"ఎప్పుడు?"

"నీకు ఏడు పాయింట్ నాలుగు అని చెప్పిన రోజు. రెండూ నా ముందే ఉన్నాయి. డాక్టరు నీ చేతి రక్తం మళ్ళీ తీయమన్నాడు. నిన్ను అడిగానని, నువ్వు వద్దన్నావని చెప్పాను."

"నువ్వు నన్ను అడగలేదు."

"అడగలేదు."

దలాసా మొహం పాలిపోయింది. "వదినా, నా వల్ల..." అని మొదలుపెట్టింది.

"నువ్వు చేతివే. చేతిని ఎవరు తప్పుపడతారు?" అంది లెవినా. కత్తెర మళ్ళీ తీసుకుంది. గుడ్డ చివరిదాకా నిదానంగా కత్తిరించి, మడతపెట్టి, పక్కన పెట్టింది. "అక్కా, ఇంక నువ్వెళ్ళు" అంది.

అరిచి ఉంటే బాగుండేది. కత్తెర విసిరి ఉంటే ఇంకా బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని నేను ఎంతమందిని దెప్పానో, ఆ మాటలన్నీ మెట్లు దిగుతుంటే నన్నే దెప్పాయి. గేటు దాకా వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. ఆ నంబరు లెవినాది కాదు. కానీ ఎవరో ఒకరిదే.

వెనక్కి తిరిగి దలాసాను కేకేశాను. "క్లినిక్‌కి రా."

వచ్చి కుర్చీలో కూర్చుంది. అలవాటుగా వేలు ముందుకు చాపింది.

"వేలు కాదు, చేయి. మిషన్ లేదుగా" అన్నాను. రక్తం తీశాను. గొట్టం మీద పేరు రాసి, దాని మొహం ముందు పెట్టి, చదవమన్నాను. చదివింది. పుట్టినతేదీ కూడా చదివించాను.

"ఎందుకక్కా ఇంత కంగారు? ఆ రోజు నర్సమ్మ చాలా బాగుందంది. శభాష్ అని భుజం కూడా తట్టింది."

"లెవినాకైతే బాగున్నట్టే. పది దాటినది ఏడుకొస్తే దిగినట్టు. ఏ జబ్బూ లేదనుకునేదానికి ఏడు పాయింట్ నాలుగంటే షుగర్ వచ్చేసినట్టు."

"ఒకే నంబరు కదా. వదినకొస్తే బొప్పాయి కోసుకున్నాంగా."

"ఒకే నంబరే."

"మా ఇంట్లో ఎవరికీ లేదక్కా."

"ఎవరికైనా చూశామా?"

కాగితం ఎప్పుడొస్తుందని అడిగింది. రెండు వారాలన్నాను, గాలి బాగుంటే. ఆ నంబరు వచ్చి పధ్నాలుగు నెలలైంది. అంతకు ముందు ఎన్నాళ్ళ నుంచి ఉందో దేవుడికే తెలియాలి. ఆ పధ్నాలుగు నెలలూ అది మా ఇంటికి నీళ్ళు మోసింది, లెవినాకు స్నానాలు చేయించింది, కుర్చీ తోసింది.

సొరుగులోంచి నైలాను పోగు తీశాను. చెప్పులు లేని దాని పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఇసుక తుడిచాను.

"కళ్ళు మూసుకో. తగిలినప్పుడల్లా ఆఁ అను."

కళ్ళు మూసుకుంది. ఎడమ బొటనవేలి కింద పోగు వంగేదాకా నొక్కాను. మళ్ళీ నొక్కాను. పక్కకు జరిపి నొక్కాను. దలాసా బుద్ధిగా కూర్చుంది, పెదాలు ఆఁ అనడానికి సిద్ధంగా పెట్టుకుని.

"ఇంకా మొదలెట్టలేదా అక్కా?" అని అడిగింది.

నేను అప్పటికి నాలుగోసారి నొక్కుతున్నాను.